వంటా వార్పూ రోజున బర్గర్ల విందు

ఈరమ్మ కోపం సంగతి రాయదుర్గం వెనక బస్తీలో తెలియనివాళ్లు లేరు. నల్లా దగ్గర ఎవరైనా తమ బిందె ఒక జానెడు ముందుకు జరిపితే చాలు, ఆమె గొంతు నాలుగు సందుల అవతలికి వినిపించేది. కిరాయి పెంచుతానని వచ్చిన ఇంటాయన ఆమె గుమ్మంలో నిలబడి, నీళ్లు నమిలి, వచ్చిన పని చెప్పకుండానే వెళ్లిపోయిన రోజులున్నాయి. అయితే అదంతా బస్తీలోనే. పొద్దున్నే చీర మీద నీలం కోటు తొడుక్కుని అద్దాల ఆఫీసు మెట్లెక్కిందంటే ఆ గొంతు ఎటు పోయేదో ఏమో. "సరే సారు", "అయితది సారు", ఈ రెండు మాటలతోనే పగలంతా నెట్టుకొచ్చేది. ఈ సంగతి బస్తీకి తెలియదు. తెలియకుండా ఉండడానికి ఈరమ్మ కొంత తంటా పడింది కూడా.

ఆమెది పాలమూరు జిల్లా, నారాయణపేట పక్కన చిన్న ఊరు. మేస్త్రీ వెంట గుంపుగా వచ్చినవాళ్లలో ఆమె, ఆమె మొగుడు పెంటయ్య ఉన్నారు. ఇప్పుడు తాను తుడుస్తున్న ఆ మేడకే అప్పట్లో కంకర మోసింది. ఆ మాట ఒకసారి ఆఫీసులో ఎవరితోనో అంటే, "అయితే బిల్డింగ్ నీదేనన్నమాట!" అని నవ్వారు. ఆ తర్వాత మళ్లీ అనలేదు. పెంటయ్య చందానగర్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా కుదిరి వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. ఈరమ్మ హౌస్‌కీపింగ్‌లో పాతబడి, ఆ మేడలో తుడిచే ఆడవాళ్లందరికీ పెద్దదిక్కయింది. కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పేది ఆమే.

"ఎవరన్న ఏలు సూపెడితే ఎందుకని అడుగొద్దు. ముందుగాల తుడువు. మాట్లాడేదుంటే తర్వాత మాట్లాడు," అని చెప్పేది.

అది ఆమె సొంత తెలివి కాదు. ఆ మేడ మంచిచెడ్డలు చూసే సోమేశ్వరరావు పెట్టిన రూలు. భీమవరం వైపు మనిషి. గొంతెత్తి ఒక్క మాట అనడు, ఎవరినీ తిట్టడు. ఆయన తిడితే బాగుండునని ఈరమ్మకు చాలాసార్లు అనిపించేది. తిట్టినవాడికి తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. నవ్వుతూ పని చేయించుకునేవాడిని ఏం చెయ్యాలో ఆమెకు ఎప్పటికీ అంతు పట్టలేదు.

తెలంగాణ కోసం జనం రోడ్ల మీదికి వచ్చిన రోజులవి. బడి పంతుళ్లు, వకీళ్లు, ఆటోవాళ్లు, అందరూ ఏదో ఒక జెండా పట్టుకుని ఎక్కడో ఒకచోట కూర్చునే ఉన్నారు. ఒక్క ఈ అద్దాల మేడల వరసకే ఏమీ పట్టనట్టు ఉండేది. ఆ ఏడు ఊరూరా రోడ్ల మీద పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు తీరి తినడం మొదలుపెట్టారు. వంటా వార్పూ అన్నారు దాన్ని. రోడ్డు మీద బండ్లు ఆగిపోతాయి, పొయ్యి మాత్రం ఆగదు. రాయదుర్గం చౌరస్తాలో ఆదివారం వంటా వార్పూ అని తేలగానే బస్తీలో ఆడవాళ్లను కూడగట్టే భాగ్యమ్మ నేరుగా ఈరమ్మ ఇంటికి వచ్చింది. భాగ్యమ్మ ఆమె కన్నా చిన్నది, బీడీలు చుట్టి పిల్లలను పెంచిన మనిషి, మాట మీద నిలబడుతుందని పేరు.

"ఈరక్కా, కంపెనీలల్ల చేసేటోళ్లు ఎవ్వరొస్తలేరని అందరంటున్నరు. మీ ఆడోళ్లొస్తే మన చౌరస్తాకు ఒక బలముంటది. ఏమంటవ్?"

"అనేదేంది? మా ఆడోళ్లనందరిని తోలుకొస్త. అన్నం గంజు కాడ గంటె పట్టేది నేనే, ఇంకొకరికియ్యకు. నేను రాకుంటే నల్లా కాడ నా ముఖం సూడకు పో," అంది ఈరమ్మ. పక్కింటివాళ్లు వినాలనే కాస్త గట్టిగా అంది.

అలా ఆమె మాట బస్తీ అంతా పాకింది. ఇక ఆ మాట పోతే ఈరమ్మకు బస్తీలో తలెత్తుకోవడానికి ఉండదు. ఆ మహానగరంలో ఆమెకు తన మాట చెల్లే చోటు ఏదైనా ఉందంటే ఆ నాలుగు సందులే.

శుక్రవారం సోమేశ్వరరావు ఆమెను తన గదికి పిలిపించాడు.

"ఏమ్మా ఈరమ్మా, ఎప్పుడు చూసినా పనేనా? ఈ ఆదివారం మీ అందర్నీ కంపెనీ తరఫున బర్గర్ల హోటల్‌కి తీసుకెళ్తున్నాం. కాస్త సరదాగా గడుపుదురుగాని. మధ్యాహ్నానికి వ్యాను వస్తుంది. యూనిఫాం వేసుకుని రండి, ఫొటోలు తీసుకుందాం."

"ఆదివారమా సారు?" అంది ఈరమ్మ. ఆమెకు అప్పుడే ఎక్కడో చురుక్కుమంది. "జర సోమారం పెట్టరాదు సారు?"

సోమేశ్వరరావు నవ్వాడు. "ఆదివారం మీకేమన్నా వేరే పనుందా?"

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదని, జవాబు ఆయనకు ముందే తెలుసని ఈరమ్మకు అర్థమైంది. చౌరస్తాలో పొయ్యి వెలిగించే వేళకే ఈ విందు పెట్టాడు. పనుందని చెబితే ఏం పని అంటాడు. చెప్పకపోతే విందుకు రావాలి. ఉందని ఒక్క మాట అనడానికి ఎంత బలం కావాలో, అంత బలం ఆ చల్లటి గదిలో ఆమెకు దొరకలేదు.

"ఏం లేదు సారు."

"అదీ మాట. అందర్నీ తీసుకొచ్చే బాధ్యత నీదే. రానివాళ్ల సంగతి సోమవారం చూద్దాంలే," అన్నాడు ఆయన, అదే నవ్వుతో.

మెట్లు దిగుతూ ఈరమ్మ తనను తాను తిట్టుకున్న తిట్లు నల్లా దగ్గర ఎవరినీ తిట్టి ఉండదు. అయినా కింద అంతస్తుకు వచ్చేసరికి ఒక ఉపాయం తోచింది. అన్నం తినడానికి ఎంతసేపు? పోయి, ఇంత తిని, చెయ్యి కడుక్కుని, అటునుంచి అటే చౌరస్తాకు పోవచ్చు. పొయ్యి సాయంత్రం దాకా మండుతూనే ఉంటుంది. ఆ సంగతే ఆడవాళ్లకు చెప్పింది. వాళ్లలో లచ్చమ్మ ఎగిరి గంతేసింది. ఇంకొందరు అటూ ఇటూ చూసి సరే అన్నారు. వీరలక్ష్మి మాత్రం, "నాకు మీ చౌరస్తా గొడవ వద్దక్కా. నేను తిని ఇంటికి పోతాను," అంది. వీరలక్ష్మిది అమలాపురం దగ్గర పల్లె, మొగుడిది జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీ పని. బకెట్ దగ్గర మొదలుకొని బాత్రూం తాళం దాకా ఆమెకూ ఈరమ్మకూ రోజూ ఏదో ఒక తగువు ఉండేది.

"నిన్నెవరు పిలిచిన్రు?" అంది ఈరమ్మ.

ఇంట్లో తినడమే తప్ప ఇలాంటి హోటళ్లలో తినే తీరు ఎరగకపోవడం వల్ల ఆమె ఎక్కడ పప్పులో కాలేసిందో ఆదివారం మధ్యాహ్నం వ్యాను దిగగానే తెలిసింది. హోటల్ తలుపు దాకా మనుషులు వరస కట్టి ఉన్నారు. లోపల కాలు పెట్టే సందు లేదు. ఐటీ పిల్లలు గుంపులు గుంపులుగా, పుట్టినరోజులవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, అందరూ ఒకేసారి ఆకలేసినట్టు అక్కడికే వచ్చి పడ్డారు. పైనుంచి పాట చెవులు వాచేలా మోగుతోంది. సోమేశ్వరరావు వరసలో నిలబడి, "మీరు వెళ్లి టేబుళ్లు పట్టండమ్మా!" అని అరిచాడు.

టేబుళ్లు పట్టడం అంటే ఏమిటో ఈరమ్మకు కాసేపటికి గానీ బోధపడలేదు. తింటున్నవాళ్ల వెనక వెళ్లి నిలబడాలి. వాళ్లు ఎప్పుడు మూతి తుడుచుకుంటారా, ఎప్పుడు లేస్తారా అని వాళ్ల ముద్దల వైపు చూస్తూ ఉండాలి. ఆ పని చేస్తున్నవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు, మంచి మంచి బట్టలు వేసుకున్నవాళ్లు కూడా. ఈరమ్మకు ఒళ్లు మండింది. వాళ్ల ఊళ్లో కుక్క కూడా కాస్త దూరంగా కూర్చునేది.

"తినేటోని నెత్తి మీద నిలబడుడు ఏం మర్యాదనే ఇది?" అంది లచ్చమ్మతో.

"నిలబడకుంటే సీటు దొరకదంట అక్కా," అంది లచ్చమ్మ. అప్పటికే ఒక పిల్లవాడి కుర్చీ వీపు పట్టుకుని నిలబడి ఉంది ఆమె.

అలా చాలాసేపు గడిచింది. ఒక్కో కుర్చీ దొరికినకొద్దీ ఒక్కొక్కరూ కూర్చున్నారు. గోడ గడియారం వైపు చూసినప్పుడల్లా ఈరమ్మ గుండెలో ఎవరో గరిటె పెట్టి కలిపినట్టు ఉండేది. చౌరస్తాలో ఈపాటికి ఎసరు మరిగి ఉంటుంది. గంటె ఎవరి చేతిలో ఉందో. ఏ బంతిలో ఎవరు ఈరమ్మ ఏది అని అడుగుతున్నారో.

ఎట్టకేలకు తిండి వచ్చింది. మెత్తటి రొట్టె రెండు ముక్కలు, నడుమ వడలాంటిది ఒకటి, దాని మీద పచ్చి ఆకు. లచ్చమ్మ పై రొట్టె తీసి పక్కన పెట్టి, వడ తిని, తర్వాత రొట్టె తిని, ఆకు వదిలేసింది. ఈరమ్మ ఆకలి మీద ఉంది. రెండు చేతులా పట్టుకుని కొరికితే లోపలి తెల్లటి పులుసేదో కారి కోటు మీద పడింది. రుచిగానే ఉంది. రుచిగా ఉన్నందుకు ఇంకా మంట పుట్టింది. మొత్తం తినేసింది.

కెమెరా పట్టుకున్న ఆఫీసు అమ్మాయి వచ్చి, "అందరూ బర్గర్లు పైకెత్తండి! నవ్వండి!" అంది. అప్పటికే తినేసినవాళ్లకు బర్గర్లు వచ్చిన ఖాళీ డబ్బాలు ఇచ్చి పైకెత్తించింది. ఈరమ్మ కూడా ఎత్తింది. సోమేశ్వరరావు ఆమె పక్కనే నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"అందరూ ఇక్కడే ఉన్నారండీ. ఒక్కరూ అటు వెళ్లలేదు. ఫొటోలు పంపిస్తాను, పై వాళ్లకు చూపించుకోండి. మన స్టాఫ్‌కి ఈ గొడవలేం పట్టవండీ."

వినగానే ఆమె చెవులు రెండూ వేడెక్కాయి. తాను ఎత్తిన ఖాళీ డబ్బా ఎవరి చేతికి ఏమని సాక్ష్యంగా పోతుందో అప్పుడు పూర్తిగా తెలిసింది. తినేసి పోదాం అనుకుంది తాను. వాళ్లకు కావలసింది తినడం కాదు, ఇక్కడ కనిపించడం. అది ఎప్పుడో అయిపోయింది.

లేచి పోదామని కుర్చీ వెనక్కి నెట్టింది. ఆడవాళ్లను పిలుద్దామని తలెత్తింది. సరిగ్గా అప్పుడే పక్క టేబుల్ దగ్గర కూర్చోబోతున్న ఒక యువకుడు ఆమె వైపు చూసి రెండు వేళ్లతో టేబుల్ మీద టకటకమని కొట్టి, వేలు చూపించాడు.

"అమ్మా, ఇది కొంచెం."

ఈరమ్మ తుడిచింది.

కోటు జేబులో ఎప్పుడూ ఉండే పసుపు గుడ్డ ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియదు. టేబుల్ మీద ఒలికిన పానకం తుడిచింది, ఎవరో తిని పడేసిన కాగితాలు ట్రేలోకి తోసింది, మూల దాకా చెయ్యి పోనిచ్చి మరక తీసింది. ఆ యువకుడి తప్పేమీ లేదు. ఆ హోటల్లో తుడిచేవాళ్లవీ నీలం కోట్లే. అతను "థ్యాంక్స్" కూడా అన్నాడు. ట్రే ఎత్తుకుని చెత్తడబ్బా వైపు రెండడుగులు వేశాక గానీ తాను ఏం చేస్తోందో ఈరమ్మకు తెలియలేదు. తెలిసి అక్కడే ఆగిపోయింది.

సోమేశ్వరరావు చూశాడు. పగలబడి నవ్వాడు. "ఈరమ్మా, విందుకి తీసుకొచ్చినా నీ పని మానవు కదా! పోన్లే, అలవాటైన చెయ్యి!"

అందరూ నవ్వారు. కెమెరా అమ్మాయి నవ్వింది. లచ్చమ్మ నోటి నిండా రొట్టె పెట్టుకుని నవ్వింది. తాను వేలు పట్టి పని నేర్పిన ఆడవాళ్లంతా నవ్వారు. ఆయన నవ్వితే తోలు మీదే తాకేది. వీళ్లు నవ్వడం లోపలికి దిగింది. వీరలక్ష్మి ఒక్కతే నవ్వకుండా తన కాగితం మడత పెడుతూ కూర్చుంది. ఈరమ్మకు ఆ నిమిషంలో అందరికంటే తన చెయ్యి మీద ఎక్కువ కోపం వచ్చింది. ఆ చేతిని ఏ గోడకైనా వేసి కొట్టాలనిపించింది.

బయట, బస్తీ నుంచి చౌరస్తాకు పోయే రోడ్డు మీద, డప్పు వినిపించింది. చౌరస్తాలో అనుకున్నదానికన్నా జనం ఎక్కువ వచ్చారట, మొదటి గంజులో అన్నం చాల్లేదట. బస్తీకి పోయి ఇంకో గంజూ బియ్యం బస్తా వేసుకుని ఆడవాళ్లు డప్పుతో తిరిగి వెళ్తున్నారు. ముందు భాగ్యమ్మ నడుస్తోంది. అద్దం గోడలోంచి లోపల గుడ్డతో, ట్రేతో నిలబడ్డ ఈరమ్మ కనిపించింది ఆమెకు. ఆగి, తలుపు తోసుకుని లోపలికి వచ్చేసింది. వరసలో ఉన్నవాళ్లు ఆమె మెడలో గులాబీ కండువా చూసి పక్కకు తప్పుకున్నారు.

"ఈరక్కా! ఆదివారం గూడ నిన్ను ఇడిచిపెట్టలేదా?" అంది భాగ్యమ్మ. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "ఈ హోటల్లకు గూడ పనికి తోలిన్రా? నేను ఇంకోతీరుగ అనుకుంటినక్కా. అందరు నువ్వు మాట తప్పినవంటుంటే నేను గూడ అవుననుకుంటి."

అవునని ఒక్క మాట అంటే చాలు. పని పడింది, రానివ్వలేదు, ఏం చెయ్యను అంటే చాలు. చేతిలో గుడ్డ ఉంది, ట్రే ఉంది, ఒంటి మీద కోటు ఉంది. బస్తీ నమ్ముతుంది. పైగా అయ్యో అంటుంది. రేపు నల్లా దగ్గర ఆమె గొంతు ఎప్పటిలాగే చెల్లుతుంది. వెనక ఆడవాళ్లంతా చూస్తున్నారు. సోమేశ్వరరావు కూడా చూస్తున్నాడు.

అవుననడానికే నోరు తెరిచింది. కానీ తుడిచిన సిగ్గు ఒకటి సరిపోక, ఆ సిగ్గును అడ్డం పెట్టుకుని మాట దక్కించుకోవడమా అనిపించింది.

"పనికి రాలే భాగ్యా," అంది. "తిననీకొచ్చిన. వీళ్లనందరిని తోలుకొచ్చింది గూడ నేనే."

భాగ్యమ్మ ఆమె కోటు మీద తెల్లటి మరక చూసింది. "తిన్నవా?"

"తిన్న."

భాగ్యమ్మ వెనక్కి తిరిగింది. వచ్చిన దారినే వెళ్లిపోయింది. బయట డప్పు మళ్లీ మొదలైంది.

"ఎవరామె?" అన్నాడు సోమేశ్వరరావు. "సర్లే, కూర్చో ఈరమ్మా. ఐస్‌క్రీమ్ చెప్పాను."

అప్పుడు లేచింది బస్తీ గొంతు ఆ హోటల్లో. పైన మోగుతున్న పాట కూడా దాని ముందు చిన్నబోయింది.

"ఏం ఐస్‌క్రీము సారు? ఎవరికి కావాలె మీ ఐస్‌క్రీము? ఆదివారమే ఎందుకు పెట్టిన్రో నాకెర్క లేదనుకున్నరా? ఎర్కే! ఎర్కుండే సరే సారు, సరే సారు అనుకుంట వచ్చిన చూడు, గా సిగ్గు నాది. అది నేను సూసుకుంట. గని మీకేమన్న ఉన్నదా సారు? పిలిచి పెట్టినంక, తిన్న మనిషి ఎంగిలి టేబుల్ తుడుస్తుంటే లెవ్వని చెప్పేది పోయి పండ్లికిలిస్తరా? మీ ఇంటికి సుట్టపోళ్లొస్తే గిట్లనే చేస్తరా?"

"ఈరమ్మా, అందరూ చూస్తున్నారు. మెల్లగా."

"సూడనియ్యిన్రి! ఫొటోలు తీసి సూపెడుతనంటిరి గదా, ఇది గూడ తీసి సూపెట్టుండ్రి!"

సోమేశ్వరరావు ముఖంలో నవ్వు మొదటిసారి ఆరిపోయింది. "ఇప్పుడు బయటికి వెళ్తే సోమవారం గేటు దగ్గరే ఆపేస్తారు. ఆలోచించుకో."

"ఆపుండ్రి." ఈరమ్మ పసుపు గుడ్డ తెచ్చి ఆయన ముందు టేబుల్ మీద పడేసింది. "ఇగో. మీకు అలవాటు లేకుంటే నేర్సుకోండ్రి, గంత కష్టమేం గాదు." ఆడవాళ్ల వైపు తిరిగింది. "వచ్చేటోళ్లు రాండ్రి."

ఎవరూ లేవలేదు. లచ్చమ్మ టేబుల్ కిందికి చూస్తూ ఉండిపోయింది. వాళ్లను తిట్టడానికి ఈరమ్మకు నోరు రాలేదు. రెండు రోజుల కిందట ఆ చల్లటి గదిలో తానూ అలాగే ఉంది. తలుపు దాకా పోయాక వెనక కుర్చీ జరిగిన చప్పుడయింది. వీరలక్ష్మి లేచింది.

"నువ్వెక్కడికి వీరలక్ష్మీ?" అన్నాడు సోమేశ్వరరావు. "మనవాళ్లవి కాదు కదా ఆ గొడవలు. నీకేం పని అక్కడ?"

"అలవాటైన చెయ్యన్నారు కదండీ సార్," అంది వీరలక్ష్మి. "నాదీ అదేనండి." అని కోటు విప్పి చంకలో పెట్టుకుంది.

ఇద్దరూ ఎండలో నడిచారు. చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యిలు, పొగ, పాటలు. రోడ్డు మీద బారులు తీరి మనుషులు కూర్చున్నారు. కండువా వేసుకున్న రాజేందర్ అనే కుర్రాడు బంతులు సర్దుతున్నాడు. ఆ చౌరస్తా బాధ్యత అతనిది, మాటకారి, చలాకీ మనిషి. గంటె భాగ్యమ్మ చేతిలో ఉంది. ఈరమ్మ గంజు దగ్గరికి పోలేదు. ఆ హక్కు పోయిందని ఆమెకు తెలుసు. బంతి చివర కూర్చుని విస్తరి పరుచుకుంది. పక్కన వీరలక్ష్మి కూర్చుంది.

భాగ్యమ్మ వడ్డించుకుంటూ వచ్చింది.

"నాకు కొంచెం చాలండి," అంది వీరలక్ష్మి.

ఆ యాసకు గంటె గాలిలోనే ఆగింది. "ఆంధ్రామెనా?" అన్నాడు రాజేందర్, వెనకనుంచి.

"నా ఎంబడి వచ్చింది," అంది ఈరమ్మ కళ్లెర్ర చేసి. "ఆమె నౌకరి గూడ పాయె. పెట్టు ఆమెకు."

భాగ్యమ్మ వీరలక్ష్మి విస్తట్లో అన్నం వేసి, పచ్చిపులుసు పోయించింది. ఈరమ్మ విస్తరి దగ్గరికి వచ్చింది. ఆగింది. వెనక పులుసు బకెట్ పట్టుకున్న ఆమెతో, "ఆమెకొద్దు. ఆమె తినొచ్చింది," అని ముందుకు పోయింది.

బంతిలో అందరికీ వినపడింది. ఈరమ్మ ఖాళీ విస్తరి ముందు అలాగే కూర్చుంది. తిట్టాలంటే భాగ్యమ్మ అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కోపం ఉండి కూడా ఎవరి మీద వెయ్యాలో తెలియని పరిస్థితి ఆమెకు అంతకు ముందు ఎప్పుడూ రాలేదు. వీరలక్ష్మి తన విస్తట్లోంచి ఇటు తోయబోతే, "నీది నువ్వు తిను!" అని కసిరింది.

జనం తిన్నారు. పాటలు పాడారు. ఒక ముసలాయన లేచి ఏదో మాట్లాడితే చప్పట్లు కొట్టారు. పొద్దు వాలే వేళకు బంతులు లేచాయి. రోడ్డు పక్కన నల్లగా మాడిన పెద్ద గంజులు మిగిలాయి. రాజేందర్ చుట్టూ చూశాడు. అతని చూపు ఈరమ్మ నీలం కోటు మీద ఆగింది. నవ్వుతూ, మర్యాదగానే, గంజుల వైపు వేలు చూపించాడు.

"పెద్దమ్మా, జర గా గంజులు తోమియ్యిన్రి. మీరైతే గడియల చేసేస్తరు."

ఈరమ్మ లేచి నిలబడింది.

"ఏందిరా?" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

"ఏంది, మళ్లొకసారి అను! నేనెందుకు తోమాలె? తిన్నోళ్లు తోమాలె! ఈడ నేను ఒక్క మెతుకు ముట్టలే, అందరు సూసిన్రు గదా! మాట తప్పిన, బరాబర్ తప్పిన, అన్నం పెట్టకుంటిరి, సప్పుడు చెయ్యక కూసున్న. అన్నానికి పనికిరాని దాన్ని గంజు తోమనీకి మాత్రం పనికొస్తనా? ఇందాక ఆడ ఒకడు ఏలు సూపెట్టిండు, తుడిసిన. గిప్పుడు నువ్వు సూపెడుతున్నవ్. రాష్ట్రం రేపొస్తది, ఎల్లుండొస్తది, వచ్చినంక గూడ ఏలు సూపెట్టేది మీరు, తుడిసేది నేనేనా? గట్లనే అయితే ఇప్పుడే చెప్పు కొడుకా, పోయి నా ఇంట్ల నేను పండుకుంట!"

రాజేందర్ ముఖం ఎర్రబడింది. "అట్ల కాదు పెద్దమ్మా, ఆడోళ్లు గదా అని..." అని ఏదో అనబోయాడు.

"ఆడోళ్లయితే?" అంది భాగ్యమ్మ.

ఆమె ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో ఎవరూ చూడలేదు. రాజేందర్ వైపు ఒక చూపు చూసి, గంజు అడుగున మిగిలిన అన్నం గంటెతో గీకి, కొత్త విస్తట్లో పెట్టి, పులుసు పోసి, తెచ్చి ఈరమ్మ ముందు పెట్టింది.

"నా కోపం నాకున్నదక్కా, అది గింతల పోదు," అంది. "ముందుగాల తిను."

తర్వాత పీచూ బూడిదా తీసుకుని రాజేందర్ చేతిలో పెట్టింది. అతను చుట్టూ చూశాడు. తనకోసం మాట్లాడేవాళ్లు ఎవరూ కనపడలేదు. కండువా తీసి పక్కనున్న బండి మీద వేసి, ప్యాంటు పైకి మడిచి, గంజు ముందు గొంతుకూర్చున్నాడు. ఇంకో ఇద్దరు మగవాళ్లు కూడా తప్పదన్నట్టు వచ్చి కూర్చున్నారు.

ఈరమ్మ రోడ్డు మీద చతికిలబడి ముద్ద కలిపింది. అన్నం చల్లారిపోయి మాడు వాసన వేస్తోంది. కోపం ఏమాత్రం తగ్గకుండానే తిన్నది. నోట్లో ముద్ద ఉండగానే రాజేందర్ చేస్తున్న పని చూసి తల అడ్డంగా ఊపింది.

"గది అడుగంటింది," అంది. "నీళ్లు పోసి జర నాననియ్యి. ఆ తర్వాత గట్టిగ రుద్దు."